తుపాను కబురు ఏ పేటలో ఎలా చెప్పాలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వార్డు సచివాలయంలో చేరావని తెలిసి సంతోషించాను. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం, కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. హెచ్చరిక అందరికీ ఒకటే వస్తుంది, వినే తీరు మాత్రం చోటుచోటుకీ మారుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచిన దివిసీమలో ఆ మాట వింటేనే మూటలు సర్దుకుంటారు. విశాఖలో చాలామంది ఇళ్లు ఎత్తు మీద ఉన్నాయి. అందుకే ఇక్కడ కెరటాలు చూద్దామని ఆర్కే బీచికి బయలుదేరతారు. ఇక్కడివాళ్లకు ముందు గాలి గురించి చెప్పాలి.

మొదట జాలరిపేటలకు వెళ్లు. సముద్రం సంగతి వాళ్లకు నువ్వు చెప్పక్కర్లేదు. బోటు, వల, ఇంజను పోతే అప్పు ఒక్కటే మిగులుతుందని ఇల్లు వదలరు. దాన్ని మొండితనం అనుకోకు. వాతావరణ శాఖ 48 గంటల ముందే అప్రమత్తం చేస్తుంది. 24 గంటల హెచ్చరిక దాకా ఆగకుండా ఆ రోజే, వెలుతురుండగానే, బోట్లు పైకి లాగడానికి మనుషుల్నీ తాళ్లనూ సమకూర్చు. ఇంజన్లు విప్పించి, చీటీ రాసిచ్చి, పునరావాస కేంద్రంలోనే ఒక గదిలో పెట్టించి తాళం వేయించు. వేటకెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్లు కదలరు. కాబట్టి ఇంకా రావలసిన బోట్ల జాబితా నీ చేతిలో ఉండాలి.

రేవులో ఎగరేసే తుపాను హెచ్చరిక నంబర్లు వాళ్లు జాగ్రత్తగా వింటారు, నువ్వు తప్పు చెప్పకూడదు. 8 కంటే 9 తీవ్రమని చాలామంది అనుకుంటారు. తీవ్రత రెండింటికీ ఒకటే, తేడా దిక్కులో ఉంది. తుపాను రేవును ఎడమ పక్కన ఉంచి వెళ్తే 8, కుడి పక్కన ఉంచి వెళ్తే 9, రేవు మీదుగానో బాగా దగ్గరగానో దాటితే 10. మన తీరంలో పడమటికి వచ్చే తుపానుకు కుడి పక్కన పడితే గాలి సముద్రం మీంచి ఊళ్లోకి కొడుతుంది. ఒడ్డు ఇళ్లకు ఆ 9 ఎక్కువ ప్రమాదం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, నెత్తి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగుతుంది, అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. ముందు గాలికి వదులైన రేకులు, చెట్లు అప్పుడు కూలతాయి. ఈ ఒక్క సంగతి ప్రతి గుమ్మంలోనూ చెప్పు. గాలి మళ్లీ ఎదురు దిక్కున వీచి, పూర్తిగా తగ్గాకే తలుపు తియ్యాలి.

ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్టుమెంట్లలో "కాంక్రీటు ఇల్లు, మాకేం" అంటారు. వాళ్లతో ప్రాణభయం మాట వృథా. కరెంటు రోజుల తరబడి రాకపోవచ్చనీ, మోటారు ఆడకపోతే పై ట్యాంకు ఎంతోసేపు రాదనీ చెప్పు. మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన మూడు రోజుల తాగునీరు పట్టుకోమను. బాల్కనీలో కుండీలు లోపల పెట్టించు. అద్దాల కిటికీ లేని గది ఏదో ముందే చూసుకోమను.

ఆరిలోవ, హనుమంతవాక కొండవాలు ఇళ్లవాళ్లు గాలికి భయపడి దిగుతారు, అది తగ్గగానే తిరిగి ఎక్కేస్తారు. నాకు ఎక్కువ దిగులు వీళ్ల గురించే. వాన కురుస్తూనే ఉంటుంది, నేల నానేకొద్దీ మట్టి జారుతుంది. వాతావరణ శాఖ సూచనలో "అతి భారీ" అంటే 24 గంటల్లో 11.5 సెంటీమీటర్లు దాటిన వాన. ఆ మాట ఉన్నంతసేపూ ఎవర్నీ పైకి పంపకు. గోడకు కొత్త పగులు వచ్చినా, స్తంభం ఒరిగినా, వాలు మీంచి బురదనీరు కారినా రాత్రయినా దించెయ్యి.

పాడేరు వైపు బదిలీ అయితే ఫోను సందేశాన్ని నమ్ముకోకు, సిగ్నల్ లేని ఊళ్లున్నాయి. కబురు సంతలో చెప్పించు. ఊళ్లో చినుకు లేకపోయినా పైన కురిస్తే గెడ్డ, అంటే కొండవాగు, పొంగుతుందని, మోకాలి లోతు నీళ్లలో కూడా దాటొద్దని చెప్పు.

తుపాను దారి మళ్లి ఏమీ జరగకపోతే, మర్నాడే ఆ పేటలన్నిటికీ మళ్లీ వెళ్లు. ఎక్కడ తీరం దాటిందో, ఎందుకు మనదాకా రాలేదో చెప్పు. చీటీలు చూసుకుని ఇంజన్లు అప్పగించి రా.