అమ్మలూ, ముందు ఆ లిమిటర్ తీసెయ్యి

పెదవాల్తేరు, విశాఖపట్నం

అమ్మలూ,

నువ్వు పంపిన పాట రాత్రి నాలుగుసార్లు విన్నాను. నీ గొంతు, వెనక ఆ డప్పు, జముకు నాకు చాలా నచ్చాయి. “వేరేవాళ్ల పాటల పక్కన పెడితే నాది చిన్నగా వినిపిస్తోంది మావయ్యా, లిమిటర్ ఎంత నొక్కినా అంతే” అని రాశావు. అందుకే ముందు ఆ లిమిటర్ (ధ్వని ఒక హద్దు దాటకుండా నొక్కి ఆపే సాధనం) తీసెయ్యమంటున్నాను. లోపం దాని దగ్గర లేదు.

డిజిటల్‌ రికార్డింగ్‌లో సున్నా డీబీ (డెసిబెల్, ధ్వని స్థాయి కొలత) అంటే ఇంటి కప్పు. దాన్ని దాటి పైకి పోలేం. నీ డప్పు దెబ్బ పడిన ప్రతిసారీ కప్పుకు తగులుతోంది, పాటేమో నేల మీదే ఉండిపోతోంది. మొత్తం పెంచుదామంటే ఆ దెబ్బలు అడ్డం. కాబట్టి డప్పు ట్రాక్‌లో బాగా పొడుచుకొచ్చిన దెబ్బల్ని ఒక్కొక్కటిగా రెండు మూడు డీబీలు చేత్తో తగ్గించు. విసుగు పని, ఒక సాయంత్రం పడుతుంది. కానీ తర్వాత కంప్రెసర్ (గట్టి ధ్వనుల్ని అణచి హెచ్చుతగ్గులు తగ్గించే సాధనం) కొంచెం పట్టినా చాలు, దెబ్బలో జీవం పోదు.

గొంతుకూ అంతే. పల్లవి చివర మాటలు మింగేస్తున్నావు, పైస్థాయిలో ఒక్కసారిగా అరుస్తున్నావు. మింగిన మాటల్ని పెంచి, అరుపుల్ని తగ్గించి, ఆ తర్వాతే కంప్రెసర్ వెయ్యి.

ఇక కనపడకుండా చోటు తినేది కింది ధ్వని, అంటే బాగా మంద్రంగా ఉండేది. నీ గొంతు ట్రాక్‌లో 80 హెర్ట్జ్ కింద పాట లేదు. ఉన్నదల్లా ఫ్యాను గాలి, మైకు స్టాండు అదురు, గాజువాక రోడ్డు మీద లారీల రొద. చిన్న స్పీకర్లలో అది చెవికి తెలియదు గానీ, ధ్వని ఎంత ఎత్తుకు లేస్తుందో చూపే పీక్ మీటర్‌లో చోటు మాత్రం ఆక్రమిస్తుంది. కింది ధ్వనిని ఆపి పైదాన్ని మాత్రమే పోనిచ్చే హై పాస్ ఫిల్టర్‌తో కోసెయ్యి. కీబోర్డు ఎడమచేతి స్వరాలు, జముకు, బాస్ మూడూ ఒకేచోట తోసుకుంటున్నాయి. కింద బాస్ ఒక్కదాన్నే ఉండనివ్వు.

మన చెవి అన్ని ధ్వనుల్నీ ఒకేలా వినదు. ఈ సంగతి 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. సుమారు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య చెవి బాగా చురుకు. నీ గొంతులో మాట స్పష్టత ఉండేది కూడా అక్కడే. అక్కడ కీబోర్డును రెండు డీబీలు తగ్గించి చూడు. మీటర్ కదలకుండానే పాట ముందుకొస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

మళ్లీ పాడేటప్పుడు ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపెయ్యి. మన ఊరి ఉక్కలో కష్టమే, అందుకే తెల్లవారుజామున పాడు. వెనక దండెం మీద రెండు బొంతలు వెయ్యి. ఎందుకంటే పాటను 10 డీబీలు పెంచితే ఫ్యాను చప్పుడూ 10 డీబీలు పెరుగుతుంది. రికార్డింగ్‌ను 24 బిట్‌లో పెట్టి, పీక్‌లు మైనస్ 10 డీబీల దరిదాపుల్లో ఉండేలా పాడితే చాలు.

ఇప్పుడు లిమిటర్. యూట్యూబ్‌లో సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే కొలత) కన్నా గట్టిగా ఉన్న పాటను వాళ్లే తగ్గిస్తారు, చిన్నగా ఉన్నదాన్ని మాత్రం పెంచరు. స్పాటిఫై మామూలు సెట్టింగూ మైనస్ 14 మీదే. నువ్వు మైనస్ 8 దాకా నలిపితే అక్కడ 6 డీబీలు తగ్గుతుంది, నలిగిన డప్పు నలిగినట్టే మిగులుతుంది. ఒకప్పుడు ఒక భజన బృందం సీడీకి నేను ఇదే తప్పు చేశాను. మృదంగం అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించింది. ఆ బృందం పెద్దాయన ఏమీ అనలేదు, సీడీ తీసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నీ పాటకు మైనస్ 12 దగ్గర ఆగు. లిమిటర్ రెండు మూడు డీబీలకు మించి పట్టకూడదు. ట్రూ పీక్ (పాట వినిపించేటప్పుడు ధ్వని నిజంగా చేరే అత్యధిక ఎత్తు) మైనస్ 1 డీబీ దగ్గర ఉంచు, ఎంపీ3గానో ఏఏసీగానో మారేటప్పుడు పీక్‌లు కాస్త పైకి లేస్తాయి. ఈ కొలతలు చూపే యూలీన్ మీటర్ ఉచితంగా దొరుకుతుంది, దించుకో. వేరే పాటతో పోల్చేటప్పుడు మాత్రం దాని సౌండు నీ పాటతో సమానం చేసి విను. లేకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

శనివారంలోగా లిమిటర్ లేని వేవ్ ఫైలు పంపు. అంతకన్నా ముందు మీ అమ్మకు ఫోన్ స్పీకర్‌లో చిన్న సౌండుతో వినిపించి, ఏ మాట అర్థం కాలేదో అడిగి అది కూడా రాసి పంపు.

మావయ్య