అంతరిక్ష నౌకలు కట్టే చేతికి ఏ చదువు?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి ఎంపీసీ, ఈ ఏడాది ఇంటర్ సెకండియర్‌లోకి వచ్చింది. తొమ్మిదో తరగతి నుంచి సినిమాల్లో కనిపించే అంతరిక్ష నౌకల స్కేల్ మోడల్స్ కడుతోంది. కిట్ తెప్పించి, దానికి సొంతంగా భాగాలు చేర్చి, లోపల లైట్లు పెట్టి, రంగులు వేస్తుంది. మొన్న బెంగళూరాయన ఒకరు ఒక మోడల్ కట్టించుకుని రూ.9,000 ఇచ్చారు. కిట్‌కి రూ.3,800, రంగులకీ ఎల్ఈడీలకీ రూ.1,400, ప్యాకింగ్, కొరియర్‌కి రూ.500 అయ్యాయి. 75 రోజులు, రోజుకి రెండు గంటలు కూర్చుంది. అప్పటి నుంచి ‘నా కెరీర్ ఇదే, ఇంజినీరింగ్ చదవను’ అంటోంది. వాళ్ల నాన్నగారేమో ‘బొమ్మలు చేసుకుని బతుకుతావా’ అని కోప్పడుతున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. ఈ పనికి చదువూ, ఉద్యోగమూ ఉన్నాయా? ఫొటోలు, వీడియో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, ముందు ఆ వీడియో గురించి చెప్తాను. గదిలో లైటు తీసేసి నౌకలో దీపాలు వెలిగించింది కదా. కిటికీలన్నీ సూది మొనంత చుక్కల్లా వెలిగాయి. అతుకుల దగ్గర గానీ, గోడల మీద గానీ ఎక్కడా వెలుతురు కారలేదు. ఆపి ఆపి మూడుసార్లు చూశాను. పల్చటి ప్లాస్టిక్‌లో ఎల్ఈడీ పెడితే కిటికీలే కాదు, నౌక మొత్తం లాంతరులా వెలుగుతుంది. అలా కాకూడదంటే రెండు ముక్కలూ అతికే ముందే లోపలంతా నల్లరంగు వేయాలి. దాని మీద తెలుపో, వెండి రంగో వేస్తే లోపలి వెలుగు చెదిరి అన్ని కిటికీలకూ సమానంగా అందుతుంది. అతికాక అతుకు గీతను పుట్టీతో పూడ్చి, తడిపిన గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి చూసుకోవాలి. ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పినా వెనక్కి వెళ్లే దారి లేదు. 17 ఏళ్ల పిల్ల ఎవరూ నేర్పకుండా ఈ క్రమం పట్టుకుంది. నేను ముందు చూసేది ఆ క్రమాన్నే. అంతరిక్ష నౌక సంగతి ఆ తర్వాత.

వాళ్ల నాన్నగారికి ఒక మాట చెప్పండి. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి, అప్పుడు రంగు వేస్తారు. మీ అమ్మాయి పుట్టీతో చేస్తున్నదీ అదే పని. ‘బొమ్మలు’ అన్న మాటలో తక్కువతనం ఏమీ లేదు.

అయితే ఆయన భయంలో తప్పు కూడా లేదు. లెక్క చూద్దాం. 9,000లో ఖర్చు 5,700 పోతే మిగిలింది 3,300. పని 150 గంటలు. గంటకి 22 రూపాయలు పడింది. పాపను కూర్చోబెట్టి ఈ లెక్క తననే వేయమనండి, మీరు చెప్పొద్దు. తన గంటకు కనీసం 150 రూపాయలు కట్టుకుంటే ఆ మోడల్ ధర రూ.28,200 అవుతుంది. అంత పెట్టి కొనేవాళ్లు మన దగ్గర చాలా కొద్దిమంది. విదేశాల్లో ఈ సరదా ఉన్నవాళ్లు ఎక్కువే గానీ, సన్నటి యాంటెన్నాలున్న వస్తువును విరగకుండా సముద్రాలు దాటించడం వేరే తలనొప్పి. కాబట్టి నౌకలు కట్టి ఇవ్వడం ఒక్కదాన్నే నమ్ముకుని ఇల్లు గడపమని నేను చెప్పను. పక్క ఆదాయంగా మాత్రం తప్పకుండా ఉంచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. కస్టమర్ కొన్న కిట్‌ను కట్టి రంగులు వేసి ఇవ్వడం ఒకటి. ఆ భాగాలకు అచ్చు తీసి కాపీలు పోసి అమ్మడం మరొకటి. రెండోది ఇంకొకరి హక్కును కాజేయడం, దాని జోలికి పోవద్దనండి.

సినిమా సంగతి కూడా పాపకు ఉన్నదున్నట్టు తెలియాలి. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ మోడల్ షాపులో నౌకలను చేత్తోనే కట్టారు. యుద్ధ ట్యాంకులు, ఓడలు, విమానాల ప్లాస్టిక్ కిట్లు డబ్బాలకు డబ్బాలు కొని, వాటి ముక్కలను నౌకల ఒంటి మీద అతికించారు. దాన్నే కిట్‌బాషింగ్ అంటారు, మీ పాపకు బాగా తెలిసిన మాటే. ఆ నౌకల రూపకల్పనలో పనిచేసిన జో జాన్‌స్టన్ తర్వాత దర్శకుడయ్యారు. ఆ తర్వాత కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చి మోడల్ షాపుల పని చాలావరకు పోయింది. పూర్తిగా పోలేదు. 2014 నాటి ‘ఇంటర్‌స్టెల్లార్’లో ఎండ్యూరెన్స్ నౌకకు 1/15 స్కేలులో, సుమారు 25 అడుగుల మోడల్ కట్టారు. 2019లో మొదలైన ‘ది మాండలోరియన్’ సిరీస్‌లో నౌకకు కంప్యూటర్‌లో గీసి 3డీ ప్రింట్ తీసిన భాగాలు వాడి మోడల్ చేశారు. అంటే ఈ రోజు మోడల్ మేకర్‌కి చేయి ఒక్కటే చాలదు, కంప్యూటర్‌లో 3డీ గీయడమూ రావాలి. అందుకు బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పరీక్షల ఒత్తిడి లేని రోజుల్లో రోజుకో అరగంట దాని మీద కూర్చోమనండి.

ఇక చదువు. నేనైతే మొదట చూడమనేది బీడెస్, అంటే డిజైన్‌లో డిగ్రీ. పనికొచ్చే శాఖ ఇండస్ట్రియల్ డిజైన్, కొన్నిచోట్ల ప్రొడక్ట్ డిజైన్ అంటారు. వస్తువును ఊహించడం, గీయడం, మోడల్ కట్టడం, మళ్లీ మార్చడం, ఇదే అక్కడి చదువు. మన రాష్ట్రంలోనే ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ ఉంది. ఎన్ఐడీ ప్రవేశ పరీక్ష డాట్ రెండు దశల్లో జరుగుతుంది. ఐఐటీల్లో బీడెస్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, ఐఐటీ హైదరాబాద్ కూడా దాని ద్వారానే తీసుకుంటుంది. ఈ రెండు పరీక్షలకూ ఏ గ్రూపు వాళ్లయినా అర్హులే, ఎంపీసీ చదవడం వృథా ఏమీ కాదు. యూసీడ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు. దరఖాస్తుల గడువు ఇంటర్ పరీక్షలకు చాలా ముందే ముగుస్తుంది. ఏటా మార్చిలో నాకు ఫోన్ చేసి ‘ఇప్పుడు కట్టొచ్చా’ అని అడిగేవాళ్లు పదిమందైనా ఉంటారు. మీరు దసరా సెలవుల్లోనే వెబ్‌సైట్లు చూసి తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి.

ఒక లోటు కూడా కనిపించింది, చెప్పాలి. ఫొటోల్లో ఎక్కడా పెన్సిల్ స్కెచ్ లేదు. యూసీడ్‌లో డ్రాయింగ్ భాగం ఉంటుంది. కిట్ చూసి కట్టడంలో పాప గట్టిదే. ఖాళీ కాగితం మీద కొత్త ఆకారం పుట్టించడం ఇంకా మొదలుపెట్టలేదు. చెంబు, సైకిల్ బెల్లు, గోదావరి గట్టున పడవ, ఏదైనా సరే, రోజుకి రెండు బొమ్మలు గీయాలి.

నాన్నగారు ఇంజినీరింగే కావాలంటే గొడవ పడాల్సిన పని లేదు. మెకానికల్‌లో బీటెక్ చేసి, సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండెస్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి, వెళ్లొచ్చు. ఎన్ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో టాయ్ అండ్ గేమ్ డిజైన్‌లో ఎండెస్ ఉంది, దానికి ఎన్ఐడీ పరీక్ష వేరుగా రాయాలి. నాలుగేళ్లు ఆలస్యం, తలుపు మూసుకుపోవడం కాదు.

ఉద్యోగాల్లో అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. హైదరాబాద్‌లో రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులకు నమూనాలు కట్టే వర్క్‌షాపులు ఉన్నాయి. సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాహనాలు, గృహోపకరణాల కంపెనీల్లో ప్రోటోటైప్ విభాగాలు ఉంటాయి. సైన్స్ మ్యూజియంలకు ప్రదర్శన నమూనాలు చేసే పని ఉంటుంది. మ్యూజియం అంటే గుర్తొచ్చింది. ‘స్టార్ ట్రెక్’ కోసం 1964లో కట్టిన 11 అడుగుల ఎంటర్‌ప్రైజ్ నౌక ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ వారి నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉంది. దాన్ని మళ్లీ అసలు రూపానికి తెచ్చి 2016లో ప్రదర్శనకు పెట్టారు. పాత రంగు ఎక్కడ, తర్వాత పూసింది ఎక్కడ అని వెతికి చూసే ఆ పునరుద్ధరణ కూడా ఒక వృత్తే.

ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది, పాప చేతికి అది నాకు చాలా దగ్గరగా కనిపిస్తోంది. ప్రమాదంలోనో, జబ్బుతోనో కన్ను పోయినవాళ్లకు కృత్రిమ కన్ను అమరుస్తారు కదా. ఆ కన్ను ఆక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేస్తారు. రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండో కంటిని చూస్తూ నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగును సన్న కుంచెతో పొరలు పొరలుగా వేస్తారు. తెల్లగుడ్డు మీద రక్తనాళాల కోసం ఎర్ర దారపు పోగులు పరుస్తారు. పైన పారదర్శకమైన పొర పోసి మెరుగు పెడతారు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇలా ఒక్కొక్కరికీ విడిగా కళ్లు తయారుచేస్తారు. పక్క పన్ను రంగుకు సరిపోయేలా పింగాణీ పన్ను చేసే డెంటల్ టెక్నీషియన్ పనీ ఇలాంటిదే, దానికి డెంటల్ మెకానిక్స్‌లో రెండేళ్ల డిప్లొమా ఉంది. పాప ఇవే చేయాలని అనడం లేదు. వీలైతే ఒకసారి అలాంటి ల్యాబ్‌కు తీసుకెళ్లి చూపించండి. నౌక మీద తుప్పు మరక వేసే కుంచె మనిషి ముఖంలో ఏం చేయగలదో తన కళ్లతో చూడాలి.

ఆరోగ్యం గురించి మాత్రం ఇవాళే పట్టించుకోండి. ఒక ఫొటోలో పాప రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పట్టుకుని పడక గదిలో కూర్చుంది, కిటికీ మూసి ఉంది, ముఖానికి మామూలు సర్జికల్ మాస్క్ ఉంది. లాక్కర్ రంగులు, థిన్నర్ ఆవిరిని ఆ మాస్క్ ఆపదు. రసాయనాల ఆవిరిని పట్టే ‘ఆర్గానిక్ వేపర్’ కాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ మాస్క్ కొనాలి, గాలి బయటికి లాగే ఫ్యాన్ పెట్టాలి. వీలైనంత వరకు నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగులకు మారమనండి, వాటికీ మాస్క్ తప్పదు. రేపు రెసిన్ అనే ద్రవంతో భాగాలు చేసే 3డీ ప్రింటర్ అడుగుతుంది. గట్టిపడని రెసిన్ చర్మానికి తగలకూడదు, నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వొద్దు. వచ్చిన 3,300లో మొదటి ఖర్చు ఆ రెస్పిరేటర్‌దే కావాలి.

తర్వాతి మోడల్ మొదలుపెట్టిన రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టమనండి. ఏ రోజు ఎన్ని గంటలు, ఏం చేసింది, ఏది చెడిపోయింది, ఎలా సరిచేసింది, అన్నీ రాయాలి. ప్రతి దశకూ ఫొటో తీయాలి. పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల ఆల్బమ్) చూసేవాళ్లకు పూర్తయిన నౌక ఒక్కటే చూపిస్తే కొన్నదో, కట్టిందో తెలియదు. ఈ నౌకను అతికించక ముందు, లోపలంతా నల్లరంగుతో ఉన్నప్పటి ఫొటో పాప ఫోన్‌లో ఉందేమో వెతకమనండి. దొరికితే పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే.