నా ఆఖరి భోజనం: వేడన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు

"ఇదే మీ ఆఖరి భోజనం అని ముందే తెలిస్తే ఏం తింటారు?" అని అడిగారు. నా జవాబు చాలా చిన్నది. వేడన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు. నంజుకోవడానికి రెండు చల్ల మిరపకాయలు. మా బాపమ్మ పోయిన ఏడే నాకు ఇది ఖాయమైపోయింది.

ఈ ప్రశ్న ఎక్కడ వచ్చినా జనం అమెరికా జైళ్ల కథలే చెప్తారు. మరణశిక్షకు ముందు ఎవరేం అడిగారు, ఎవరు ఎన్ని ప్లేట్లు తెప్పించుకున్నారు అని. 2011 సెప్టెంబర్‌లో టెక్సాస్‌లో లారెన్స్ బ్రూయర్ అనే ఖైదీ చాంతాడంత పట్టిక చెప్పి, అన్నీ తెప్పించుకుని, ఒక్కటీ ముట్టలేదు. ఒక సెనేటర్ కోప్పడితే అక్కడి జైళ్ల శాఖ అడిగింది వండిపెట్టే పద్ధతినే ఎత్తేసింది. ఇంకో గంటలో చంపుతారని తెలిసినవాడికి ఆకలేమిటి? ఆఖరి భోజనం సంగతి తెలియాలంటే జైలు దాకా పోనక్కర్లేదు. మన ఇళ్లల్లో మంచం పట్టిన ముసలివాళ్లను చూడండి. వాళ్లకు తినాలని ఉంటుంది, మనం పెట్టం.

మా బాపమ్మది జగిత్యాల దగ్గర పల్లె. కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఉప్పు తగ్గించాలి, పప్పు తగ్గించాలి, చింతపండు, టమాట, కొబ్బరినీళ్లు ముట్టొద్దు, మంచినీళ్లు కూడా కొలిచి ఇవ్వాలి అని ఆసుపత్రిలో కాగితం రాసిచ్చారు. వైద్యం నడిచినన్నాళ్లు ఆ పథ్యానికి అర్థం ఉంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి" అని డాక్టర్లే చెప్పిన తర్వాత కూడా అదే కాగితం ఫ్రిజ్ తలుపు మీద అట్లాగే ఉంది. ఆమెకు పొద్దున ఉప్పులేని జావ, మధ్యాహ్నం ఉప్పులేని అన్నం. ఎవరిని బతికించడానికి?

ఒకరోజు మా అమ్మను పిలిచి, "ఓ పిల్లా, నోరంత సప్పగున్నది. జరంత పచ్చిపులుసు చేసియ్యరాదు" అంది. మా మేనత్త అక్కడే ఉంది. "వద్దు వదినె, పులుపు ముట్టొద్దన్నరు" అంది. "ఇయ్యాల పెట్టకపోతే ఇగ ఎప్పుడు పెడ్తం చెప్పు?" అని అమ్మ వంటింట్లోకి పోయింది.

కొత్త చింతపండు నానేసింది. పచ్చిమిరపకాయలు మంట మీదనే పెట్టి, తోలు నల్లబడి చిట్లే దాకా కాల్చింది. వాటిని ఉప్పు, జీలకర్రతో కలిపి వేళ్లతోనే నలిపింది. ఉల్లిగడ్డ సన్నగా తరిగి అందులో వేసి, నీరు ఊరేదాకా పిసికింది. పైన చింతపండు రసం పోసి, వేయించి దంచిన నువ్వుల పొడి, కొత్తిమీర, కాస్త బెల్లం వేసింది. చివర్న పోపు. బాపమ్మ పక్క గదిలో కళ్లు మూసుకుని పడుకుని ఉంది. పోపు వాసన తగలగానే "ఆవాలు మాడినయ్ పిల్లా" అంది. అప్పటికి చాలా రోజులుగా ఆమె నోట మూలుగు తప్ప మాట లేదు. ఆ గొంతు విని మా మేనత్త ఏడ్చేసింది.

దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. అమ్మ మెత్తగా పిసికిన అన్నంలో ముద్దపప్పు కలిపి, పచ్చిపులుసు పోసి, చిన్న చిన్న ముద్దలు పెట్టింది. బాపమ్మ తిన్నది కొంచెమే. మిగిలిన పులుసు గిలాసలో పోయించుకుని నెమ్మదిగా తాగింది. "ఉప్పు సరిపోయింది" అంది. ఇంకేం అనలేదు.

ఆ వారంలోనే పోయింది. పలకరింపుకు వచ్చినవాళ్లలో ఒకావిడ, అమ్మకు వినపడేలాగే, "పులుపు వెట్టిండ్రట, అందుకే జల్ది పోయింది" అంది. తర్వాత మా ఇంట్లో చాలాకాలం పచ్చిపులుసు చేయలేదు. అమ్మ చేయి చింతపండు డబ్బా దాకా పోయి వెనక్కి వచ్చేది. ఆ మాట అన్నావిడను నేను ఇప్పటికీ క్షమించలేదు.

నేను అమ్మకు బుద్ధుడి కథ చెప్పింది అప్పుడే. బుద్ధుడి ఆఖరి భోజనం పావా అనే ఊళ్లో చుందుడనే కమ్మరి పెట్టింది. అందులో సూకర మద్దవం అనే వంటకం ఉంది. అది పంది మాంసమా, పుట్టగొడుగులా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. అది తిన్నాక బుద్ధుడికి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. ఆ బాధతోనే కుశీనగరానికి నడిచాడు, అక్కడే పోయాడు. పోయేముందు శిష్యుడు ఆనందుణ్ణి పిలిచి, "చుందుణ్ణి ఎవరైనా నిందించవచ్చు, అతనే కుమిలిపోవచ్చు, అలా కానివ్వొద్దు" అన్నాడు. జ్ఞానోదయానికి ముందు తిన్న అన్నం, పరినిర్వాణానికి ముందు తిన్న అన్నం, ఈ రెండూ పెట్టినవాళ్లకు సమానంగా గొప్ప పుణ్యం అని కబురు చెప్పించాడు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి, తనకు అన్నం పెట్టినవాడి మనసు గురించి ఆలోచించాడు. నా దృష్టిలో బుద్ధుడు చెప్పిన అన్ని మాటల్లోకీ గొప్పది ఇదే. అమ్మ అంతా విని, "అట్ల చెప్పేటోడు ఒక్కడున్నా సాలు" అంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించింది మూడొద్దుల నాటి సంగతి. మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. పులుపు పెట్టారని నోరు పారేసుకున్న ఆవిడే, "ముసలవ్వకు ఏమేం ఇష్టముండె?" అని అందర్నీ అడిగి మరీ పెట్టించింది. మటన్, చేపల పులుసు, గారెలు, కల్లు. చివరికి పచ్చిపులుసు కూడా. కాకి రాకపోతే "ఇంకేదో కోరిక మిగిలింది" అని అందరూ చేతులు జోడించారు. ఆచారాన్ని నేను తప్పుపట్టడం లేదు, నేనూ జోడించాను. కానీ ఆ ప్రశ్న ఆమె బతికుండగా, మంచం పక్కన కూర్చుని ఎందుకు అడగలేదు? అప్పుడైతే జవాబు ఆమే చెప్పేది కదా.

ఇప్పుడు ఎవరింట్లోనైనా డాక్టర్లు ఆశ వదిలేసి ఇంటికి పంపిన పెద్దవాళ్లుంటే నేను అడక్కుండానే చెప్తాను. ఆ పాత పథ్యం కాగితం తీసుకుని మళ్లీ డాక్టర్ దగ్గరకు పోయి, "ఇవన్నీ ఇంకా అవసరమా?" అని సూటిగా అడగండి. పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం, చూసే డాక్టర్లయితే ఈ దశలో చాలావరకు పథ్యాలు సడలిస్తారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వాళ్లు చెప్పేది ఒకటే. మింగగలిగితే, నిటారుగా కూర్చోబెట్టి, అడిగింది కొద్దికొద్దిగా పెట్టండి, వద్దంటే బలవంతం చేయకండి. నెయ్యి కారే అన్నం కుక్కి కుక్కి పెట్టడం కూడా ప్రేమ కాదు.

ఇక నా సంగతి. నా పచ్చిపులుసు హోటల్ నుంచి తేవద్దని పిల్లలకు చెప్పి పెట్టాను. తెలంగాణ భోజనం అని బోర్డు పెట్టి, చారులాగా మరిగించి, బెల్లం దట్టించి పోస్తున్నారు. మరిగించాక ఇంక పచ్చిపులుసు ఎట్లా అవుతుంది? మా ఆవిడది గుంటూరు. వాళ్లింట్లో నువ్వుల పొడి వేయరు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ దగ్గర నిలబడి నేర్చుకుంది, ఇప్పుడు అమ్మకంటే బాగా చేస్తుంది. ముద్దపప్పు మాత్రం కందిపప్పుదే కావాలి, పెసరపప్పు వద్దు. పప్పులో కొంచెం పసుపు, ఉప్పు, అంతే, పోపు అక్కర్లేదు. అన్నం పొగలు రావాలి, పులుసు చల్లగా ఉండాలి, ఉల్లిగడ్డ పంటికింద కరకరలాడాలి. నాకు పళ్లు లేకపోతే మా ఆవిడే దాన్ని నలిపి పెడుతుంది. ఆ తర్వాత ఎవరైనా ఆమెను ఒక్క మాట అంటే, చుందుడి కథ చెప్పమని మా పెద్దవాడికి నేర్పించాను.