విదేశీ ప్రయాణంలో ఏడాదిన్నర పాపకు అక్కడి భోజనం పెట్టవచ్చా?

ఏడాదిన్నర పాపతో మూడు వారాలు విదేశంలో ఉండబోతున్నామని, అక్కడి వంటలు పెట్టడం క్షేమమేనా, లేక అన్ని రోజులకూ సరిపడా ప్యాకెట్ ఆహారం మోసుకెళ్లాలా అని మీరు అడిగారు. అక్కడి వంటలు పెట్టవచ్చు, పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. మా అమ్మాయికి ఏడాది దాటినప్పటి నుంచి మూడేళ్లు నిండేవరకు ఉద్యోగరీత్యా ఆమెను వెంటబెట్టుకుని పలు దేశాలు తిరిగాము. వంట కొత్తదా పాతదా అన్న దానికంటే, దాన్ని ఎంతసేపటి క్రితం వండారు, ఏ నీళ్లు వాడారు, ఎలాంటి చేతులతో వడ్డించారు అన్న సంగతులే పసిపిల్లల కడుపును కాపాడతాయని ఆ కాలంలో నాకు బాగా అర్థమైంది. తెలియని పేర్లను, తెలియని వాసనలను చూసి మనం భయపడతాము, కానీ చల్లారిపోయిన పళ్లేన్ని చూసి భయపడము.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న ఆహారంలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి కనుక, లోపలి భాగం కూడా 70 డిగ్రీలకు చేరేలా వండాలని, వండినదాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ లెక్కన చూస్తే, చిన్న దుకాణంలో మన కళ్లెదుట పెనం మీద వేగి పొగలు కక్కుతూ వచ్చిన గుడ్డు, పెద్ద హోటల్ బఫేలో పొద్దుటి నుంచి గోరువెచ్చగా ఉన్న కూర కంటే పసిబిడ్డకు ఎంతో నయం. అందువల్ల మేము పాపకు ప్రధాన భోజనం మధ్యాహ్నమే, అదీ జనం రద్దీ మొదలయ్యే వేళకు పెట్టించేవాళ్లము. ఆ సమయానికి వంట అప్పుడే దిగి ఉంటుంది, గిరాకీ ఎక్కువ కాబట్టి ఏదీ నిలవ ఉండదు, బిడ్డకూ అలసట తక్కువగా ఉంటుంది. రాత్రికి బసలోనే అన్నమో, ఉడికించిన బంగాళాదుంపో, గుడ్డో పెట్టి త్వరగా నిద్రపుచ్చేవాళ్లము. వంటగది ఉన్న బస దొరికితే కాస్త ఎక్కువ ఖర్చైనా దాన్నే ఎంచుకోండి. చిన్న పిల్లలున్న కుటుంబానికి అంతకు మించిన సదుపాయం లేదు.

నీటి విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. కుళాయి నీరు తాగడానికి పనికిరాని చోట మూత తీయని సీసా నీళ్లనో, మరిగించిన నీళ్లనో వాడండి. తెర్లుతూ ఉండగా ఒక నిమిషం, 2000 మీటర్లకు పైబడిన ఎత్తు ప్రదేశాలలో మూడు నిమిషాలు మరిగిస్తే చాలు. పెద్దవాళ్లు తాగే నీటి గురించి జాగ్రత్తపడి, బిడ్డ పళ్లు తోమే నీటిని, పాలసీసా కడిగే నీటిని, పండ్లరసంలో వేసే మంచుముక్కలను మరిచిపోవడం చాలా కుటుంబాలలో చూశాను. పచ్చి కూరముక్కలు, ముందే కోసి ఉంచిన పండ్లు వద్దు. తొక్క ఉన్న పండును మీరే కడిగి ఒలిచి పెట్టండి. కాచని పాలు, వాటితో చేసిన చీజు, పచ్చి చేప, సరిగా ఉడకని మాంసం ఎంత పేరున్న చోట వడ్డించినా ఈ వయసుకు తగవు.

కారం తగ్గించమని అడగడం అందరికీ గుర్తుంటుంది, ఉప్పు గుర్తుండదు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 2 గ్రాముల ఉప్పు మించరాదని బ్రిటన్ ఆరోగ్య సేవా విభాగం సూచిస్తుంది. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే రమారమి అంత ఉప్పు ఉంటుంది. కాబట్టి సాస్ కలపకముందే పాప వాటా పక్కకు తీయమని వంటవారిని అడగండి. నాకు తెలిసినంతలో పసిబిడ్డ కోసం ఇలా అడిగితే విసుక్కున్న వంటవారు లేరు. గొంతులో అడ్డుపడకుండా ద్రాక్షపండ్లను నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. వేరుశనగ, బాదం, జీడిపప్పు వంటి గింజలను నాలుగైదేళ్లు వచ్చేవరకు పొడిగానో ముద్దగానో తప్ప అలాగే గింజలుగా ఇవ్వకండి.

ఎలర్జీ గురించి ఒక మాట. వేరుశనగ, గుడ్డు, చేప, నువ్వులు వంటివి పాప ఇంతవరకు రుచి చూడకపోతే, ప్రయాణానికి ముందే ఇంటి దగ్గర పగటిపూట కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఇప్పటికే దేనికైనా ఎలర్జీ ఉంటే మాత్రం ముందుగా వైద్యుడిని కలిసి, ఆ పదార్థం పేరును వెళ్లే దేశపు భాషలో కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి. యూరోపియన్ యూనియన్ దేశాలలో 2014 డిసెంబరు నుంచి 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరాలు హోటళ్లు తప్పనిసరిగా తెలపాలి, కాబట్టి అక్కడ మొహమాటపడకుండా అడగవచ్చు.

అసలు ఏమీ తినకపోతే ఎలా అన్నదే మీ ప్రశ్నలో ఎక్కువ బెంగగా కనిపించింది. మొదటి రెండు మూడు రోజులు పాప తినకపోవడానికి అక్కడి వంట కారణం కాకపోవచ్చు. వేళలు మారినప్పుడు నిద్రతో పాటు ఆకలి కూడా గాడి తప్పుతుంది. అక్కడి మధ్యాహ్న భోజన సమయం బిడ్డ శరీరానికి నడిరాత్రి కావచ్చు. ఆ రోజులలో పాలు, నీళ్లు సరిగా తాగుతూ, మూత్రం మామూలుగా పోస్తూ ఉంటే కంగారు పడనక్కరలేదు. బలవంతంగా నోట్లో పెట్టకండి, తింటే బొమ్మ ఇస్తామని ఆశ చూపకండి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీరు నిర్ణయించండి. ఎంత తినాలో పాపకు వదిలేయండి. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు ఎదురుపడవలసి రావచ్చు కనుక, ఒకసారి ఉమ్మేసినంత మాత్రాన ఆ వంటను పక్కన పెట్టేయకండి. మేము పాటించిన పద్ధతి ఏమిటంటే, పళ్లెంలో తనకు బాగా తెలిసినది ఒకటి తప్పక ఉంచి, దాని పక్కన అక్కడి వంటను వేలెడంత మాత్రమే పెట్టి, మేము అదే వంటను తన ఎదుట ఇష్టంగా తినడం. తన పళ్లెంలో ముట్టని చేపముక్కను మా అమ్మాయి నా పళ్లెంలోంచి తీసుకుని తినేది. అందుకే ఆమెకు వేరే తిండి తెప్పించడం కొన్నాళ్లకు మానేసి, మేము తినేదానిలోనే తనకు తగినది ఏరి పెట్టాము. పిల్లల నోటికి కొత్త రుచులు అలవడే ఈ వయసులో మూడు వారాలూ ప్యాకెట్లతోనే గడిపించడం నిజంగా నష్టమని నా నమ్మకం.

ప్యాకెట్లు విమాన ప్రయాణానికి, తొలి రెండు రోజులకు, ఒక అత్యవసర పూటకు సరిపడా ఉంటే చాలు. చాలా విమానాశ్రయాలలో పసిపిల్లల పాలకు, ఆహారానికి చేతిసంచిలోని ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి మినహాయింపు ఉంటుంది. తనిఖీ దగ్గర వాటిని విడిగా తీసి చూపించండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం తప్పకుండా ఉండాలి. విరేచనాలు పట్టుకుంటే, రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా పట్టించండి; కలిపిన ద్రావణాన్ని 24 గంటల తరువాత పారబోయండి, తల్లిపాలను, మామూలు తిండిని ఆపకండి. పెద్దవాళ్లు వేసుకునే విరేచనాలు కట్టే మాత్రలు పసిపిల్లలకు ప్రమాదకరం. మలంలో రక్తం కనిపించినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా బసలో ఆగకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. బసకు దగ్గరలో పిల్లల వైద్యులున్న ఆసుపత్రి ఏదో, మీ ప్రయాణ బీమా అక్కడ చెల్లుతుందో లేదో బయలుదేరేముందే కనుక్కుని రాసి పెట్టుకోండి; కలుషితమైన తిండి, నీళ్ల ద్వారా సోకే కాలేయ వ్యాధి హెపటైటిస్ ఎ టీకా ఏడాది నిండిన పిల్లలకు వేస్తారు కాబట్టి, మీ పాపకు వేయించారో లేదో కూడా ఈ వారంలోనే వైద్యుడిని అడగండి.