ఎర్ర సిరా చేర్చిన రెండు మాటలు

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, కోసిగి దగ్గర ఒక ఊరు. నాకు 41 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 14 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. పెళ్లికి ముందు నా కథలు ఏడు అచ్చయ్యాయి. ఆరేళ్లుగా ఒక్కటీ పూర్తి కాలేదు. రాత్రి పదింటికి కాగితం ముందు కూర్చుంటే ఏమీ తోచదు. మావారు మంచివారే కానీ, "రాసి ఏం చేస్తావు, ఆ సమయంలో కాస్త నిద్రపో" అంటారు. బడిలోనూ మనసు నిలవడం లేదు. పోయిన ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలను "మా ఊరు" గురించి రాయమన్నాను. సుగ్గికి, అంటే పంట కోతల వలసకు, వెళ్లి వచ్చిన ఒక అబ్బాయి రెండే వాక్యాలు రాశాడు. "మేము ఉగాదికి ఊరికి వస్తాము. మిగతా రోజులు మా ఊరికి తాళం." రెండో దానిలో క్రియ లేదని ఎర్ర సిరాతో "వేసి ఉంటుంది" అని చేర్చి, పదికి మూడు మార్కులు వేశాను. అది మరిచిపోలేకపోతున్నాను. ఉద్యోగం మానేసి రాసుకుంటే బాగుపడతానా? అసలు నేను దేనికి పనికొస్తాను?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం గురించి, రాయలేకపోవడం గురించి అలసిన మనిషి రాసినట్లు రాశారు. ఆ అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి మీ గొంతు మారిపోయింది. ఆ నాలుగు వాక్యాలు కథకురాలు రాసినవి. కాబట్టి ముందు అక్కడి నుంచే మాట్లాడతాను.

"మా ఊరికి తాళం" అన్నది తప్పు వాక్యం కాదు. క్రియారహిత వాక్యం తెలుగుకు సహజమని ఏటా పిల్లలకు చెప్పేది మీరే. "అది మా బడి" అన్నప్పుడు క్రియ కోసం వెతకం కదా! పంట కోతలకు కుటుంబాలు కట్టకట్టుకుని గుంటూరు మిరప తోటలకు వెళ్లిపోతే, వీధి వీధంతా తాళాలతో మిగిలే ఊరిని ఆ అబ్బాయి మూడు మాటల్లో పెట్టాడు. మీలోని రచయిత్రి ఆ వాక్యాన్ని వెంటనే గుర్తుపట్టింది. అయినా చేతిలో ఎర్ర కలం ఉంది, దిద్దవలసిన నోటుబుక్కులు ఇంకా అరవై ఉన్నాయి. మిమ్మల్ని ఏడాదిగా కుదురుగా ఉండనివ్వనిది ఇదే అనుకుంటున్నాను. ఏదో పోయిందని మీరు అనుకుంటున్నారు. అది నిజంగా పోయి ఉంటే ఆ వాక్యం మీకు ఇంతకాలం గుర్తుండదు.

ఇక రాజీనామా మాట. ఇప్పుడు వద్దని గట్టిగానే చెబుతున్నాను. ఒకసారి వదులుకున్న ప్రభుత్వ ఉద్యోగం తిరిగి రాదు. జీతం ఆగిన ఇంట్లో మొదట కోత పడేది మీ కాగితం, కలం మీదే. దానికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. బడి మానేస్తే మీకు దొరికేది ఖాళీ సమయం. ఆ పిల్లలు మాత్రం దొరకరు. మన సీమలో బడిలో పాఠాలు చెబుతూనే కథలు రాసినవారు ఉన్నారు. చిత్తూరు జిల్లాలో మధురాంతకం రాజారాం గారు, అనంతపురంలో సింగమనేని నారాయణ గారు అలా రాసినవారే. అయితే ఈ పేర్లు చెప్పి మిమ్మల్ని నిందించుకోమనడం లేదు. బడి నుంచి వచ్చాక వంట, ఇద్దరు పిల్లల చదువు, మర్నాటి డబ్బాలు మీమీద పడినంతగా ఒక మగ ఉపాధ్యాయుడి మీద పడవు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా "నాలో పస లేదు" అని మీరు తీర్పు చెప్పుకోవడం అన్యాయం.

అందుకే రాత్రి పదింటి కాగితాన్ని ఇవాళే పక్కన పెట్టేయండి. పాఠాలు చెప్పి, హాజరు, భోజనం వివరాలు ఫోనులో ఎక్కించి, ఇంటి పని ముగించిన మనసు ఆ వేళకు ఏమీ ఇవ్వలేదు. మీవారు నిద్రపొమ్మనడంలో కొంత నిజం ఉంది. ఆయనతో గొడవ పడకండి, అనుమతీ అడగకండి. ఒక పని అప్పగించండి. ఆదివారం ఉదయం రెండు గంటలు ఇల్లు, పిల్లలు ఆయన బాధ్యత. "రాయకపోతే నేను చిరాకుగా ఉంటున్నాను, నీకూ అది కనిపిస్తూనే ఉంది" అని సూటిగా చెప్పండి. మంచివారని మీరే అన్నారు కనుక, ఆ మంచితనాన్ని పనిలో చూపించే అవకాశం ఆయనకు ఇవ్వండి.

బడిలో మాత్రం ఒక్క మార్పు చేయండి. వారానికి ఒక పీరియడులో ఇరవై నిమిషాలు పిల్లలతో పాటు మీరూ రాయండి. విషయం ఒకటే, మార్కులు లేవు, ఎర్ర సిరా లేదు. తర్వాత ఇష్టమైనవాళ్లు చదువుతారు, మీరూ చదువుతారు. మీ పిల్లల్లో కొందరి ఇంట్లో కన్నడం ఉంటుంది. పుస్తకాల తెలుగు రాదని భయపడేవాళ్లే ఎక్కువ. టీచరు కూడా కొట్టివేతలతో రాస్తుందని చూస్తే ఆ బెరుకు కొంత వదులుతుంది. మీకూ వదులుతుంది. ఆరేళ్లుగా మిమ్మల్ని ఆపుతున్నది చాలావరకు ఆ బెరుకేనని నా అనుమానం.

ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. ఆ పిల్లల కష్టం నుంచి కథ పుడితే పేరు, ఊరు, ఆనవాళ్లు మార్చండి. వాళ్ల వాక్యాన్ని యథాతథంగా వాడాలనిపిస్తే ఆ పిల్లవాణ్ణి, వాళ్ల అమ్మానాన్నలను అడగండి. వాళ్లు వద్దంటే వదిలేయండి.

బడిలోనూ మనసు నిలవడం లేదన్నారు. నిద్ర, ఆకలి తగ్గి, ఇష్టమైనవి కూడా రుచించకుండా రెండు వారాలకు మించి గడిచి ఉంటే, అది రచన సమస్య మాత్రమే కాకపోవచ్చు. అప్పుడు మానసిక వైద్యులను కలవండి. కర్నూలు దాకా వెళ్లే వీలు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. దీన్ని వాయిదా వేయకండి.

దేనికి పనికొస్తానని అడిగారు. దానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు, చేయవలసిన చిన్న పని ఒకటి ఉంది. ఆ కుటుంబం ఈ ఏడూ సుగ్గికి వెళ్లి ఉంటే ఉగాదికి వస్తుంది. ఆ అబ్బాయిని పిలిచి, "ఆ రోజు నీ వాక్యమే సరైనది, దిద్దడంలో నేను పొరపడ్డాను" అని చెప్పండి. పాత నోటుబుక్కు దొరికితే అతని ముందే ఆ "వేసి ఉంటుంది"ని కొట్టివేసి, పక్కన మీ సంతకం పెట్టండి. దొరకకపోతే నల్లబల్ల మీద అతని వాక్యాన్ని అతను రాసినట్లే రాయండి. ఆ పూట తరగతిలో ఏం జరిగిందో ఆదివారం ఉదయం కాగితం మీద పెట్టండి.