వీధికి పేరు: ఎప్పుడు పెట్టొచ్చు, ఎప్పుడు ఆగాలి?

ప్రశ్న: మా వీధిలో వైద్యం చేసిన డాక్టరుగారు ఈమధ్యే పోయారు. వీధికి ఆయన పేరు పెట్టించాలంటే అందరి సంతకాలు చాలా?

జవాబు: సంతకాలు అర్జీకి బలమే కానీ, పేరు ఖాయమయ్యేది స్థానిక పాలక సంస్థ తీర్మానంతోనే. ముందు మీ నిబంధనల్లో గడువు ఉందేమో చూడండి. ఇటలీలో 1927 నాటి చట్టం ప్రకారం మనిషి పోయి 10 ఏళ్లు దాటాలి, మినహాయింపులు కొద్దిమందికే. బెర్లిన్‌లో 5 ఏళ్లు. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఎవరూ కాదనలేరు, లోటుపాట్లు బయటపడేదేమో తర్వాత. గడువు పెట్టింది అందుకే.

అర్జీకి ఆయన జనన మరణ తేదీల ఆధారాలు, చేసిన సేవ వివరం, కుటుంబం రాతపూర్వక అంగీకారం, వీధి మొదలూ చివరా గుర్తించిన పటం జతచేయండి. ఊళ్లో అదే పేరో, పలికితే అలాగే వినిపించే పేరో ఇంకో వీధికి ఉంటే వదిలేయండి. ఫోన్లో ఒక పేరు మరో పేరులా వినపడితే అంబులెన్సు వేరే వీధికి పోతుంది. బిరుదులన్నీ చేర్చి పేరు సాగదీస్తే బోర్డు మీద అక్షరాలు చిన్నవై దూరం నుంచి కనపడవు.

అన్నట్టు, వాడుకలో ఉన్న పేరు మారిస్తే ప్రతి ఇంటివారూ గుర్తింపు కార్డుల్లో, బ్యాంకులో చిరునామా మార్చుకోవాలి. ఇంకా పేరు లేని రోడ్డో, పార్కో దొరికితే అదే మేలు.

ప్రశ్న: గ్రంథాలయ భవనానికి విరాళమిచ్చే దాత, తన పేరు శాశ్వతంగా ఉండాలంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ‘శాశ్వతంగా’ అన్న మాట ఒప్పందంలోకి రానివ్వకండి. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ఒక సంగీత కచేరీల హాలుకు 1973లో దాత ఏవరీ ఫిషర్ పేరు పెట్టారు. దాన్ని మార్చుకోవడానికి 2014లో ఆయన కుటుంబానికి కోటిన్నర డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. 2015లో కొత్త దాత డేవిడ్ గెఫెన్ పేరు వచ్చింది.

ఎన్నేళ్లు, భవనం మొత్తానికా ఒక గదికా, కూల్చి కడితే పేరు ఏమవుతుంది, వాయిదాల్లో ఇచ్చే విరాళం మధ్యలో ఆగితే ఏం చేయాలి, ఇవన్నీ రాసుకోండి. దాత పరువు పోతే పేరు తీసేసే హక్కు మీదేనన్న షరతు తప్పనిసరి. వ్యసనంగా మారే ఓపియాయిడ్ నొప్పి మందుల వివాదం తర్వాత, వాటిని అమ్మిన కంపెనీ యజమానులైన శాక్లర్ కుటుంబం పేరును పారిస్ లూవ్ర్ మ్యూజియం 2019లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2021లో తొలగించాయి.

ప్రశ్న: బతికున్నవారి పేరు పెట్టకూడదా?

జవాబు: పైన చెప్పిన ఇటలీ, బెర్లిన్ గడువులు ఉన్నచోట అసలు కుదరదు. అడ్డు లేనిచోట కూడా పదవిలో ఉన్నవారి పేరు మాత్రం వద్దనే మా సలహా. తీర్మానానికి చేయెత్తేవాళ్లు వాళ్ల కిందే పనిచేస్తుంటారు, కాదనడం కష్టం.