టెక్ సందేహాలు: బొమ్మ ప్రొజెక్టర్‌కి, సౌండ్ ఆంప్లిఫయర్‌కి

ప్రశ్న: దేవరకొండలో ఫంక్షన్ హాల్ నడుపుతున్నాం. ప్రొజెక్టర్ సీలింగ్‌కి బిగించాం. ల్యాప్‌టాప్, ఆంప్లిఫయర్ స్టేజీ పక్కన ఉంటాయి. మధ్యలో 15 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్. పెళ్లి వీడియో వేస్తే సౌండ్ ప్రొజెక్టర్‌లోంచే సన్నగా వస్తోంది. దాని ఆడియో అవుట్ నుంచి ఆంప్లిఫయర్‌కి వైరు లాగితే గుయ్‌మంటోంది. ఒక్కోసారి బొమ్మ కూడా పోయి వస్తోంది.

జవాబు: ఆంప్లిఫయర్ ల్యాప్‌టాప్ పక్కనే ఉన్నప్పుడు సౌండ్‌ని సీలింగ్ దాకా పంపి మళ్లీ కిందికి దింపడం ఎందుకు? హెచ్‌డీఎంఐ పెట్టగానే విండోస్ సౌండ్‌ని కూడా ప్రొజెక్టర్‌కే పంపేస్తుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, అవుట్‌పుట్‌గా ల్యాప్‌టాప్ స్పీకర్స్ లేదా హెడ్‌ఫోన్స్ ఎంచుకోండి. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఆంప్లిఫయర్‌కి ఒకవైపు 3.5 ఎంఎం పిన్, మరోవైపు రెండు ఆర్‌సీఏ పిన్నులు (సాధారణంగా ఎరుపు, తెలుపు రంగువి) ఉన్న వైరు వేయండి.

వైరు ఆక్స్ లేదా లైన్ సాకెట్‌లోనే పెట్టాలి. మైక్ సాకెట్ మిల్లీవోల్టుల సిగ్నల్ కోసం తయారైంది, హెడ్‌ఫోన్ అవుట్ దానికి ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. అందుకే మైక్‌లో పెడితే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. ఆంప్లిఫయర్‌కి ఒక్కటే ఆక్స్ సాకెట్ ఉంటే ఒక పిన్ను మిగిలిపోతుంది, దాంతోపాటు ఒక చానల్ సౌండూ పోతుంది. రెండు పిన్నుల తీగలూ కలిపి చుట్టేయకండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, ఆడియోలోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేస్తే చాలు, రెండు చానళ్ల సౌండూ కలిసి ఒక్క పిన్నులోనే వస్తుంది.

ఇక గుయ్‌మనే మోత. ప్రొజెక్టర్ ప్లగ్ ఒక చోట, ఆంప్లిఫయర్ ప్లగ్ ఇంకో చోట ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య చిన్న తేడా ఉంటుంది. ఆ తేడా కేబుల్ పైతొడుగు గుండా పారి స్పీకర్లో మోగుతుంది. వైరు మార్చాక కూడా మోత మిగిలితే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. తర్వాత హెచ్‌డీఎంఐ పీకండి. ఏది పీకితే ఆగిందో దారి అటే. ల్యాప్‌టాప్, ఆంప్లిఫయర్ రెండింటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడండి. అప్పటికీ ఆగకపోతే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఎర్త్ దారిని తెంపి సౌండ్‌ని మాత్రం పంపే చిన్న పరికరం) పెట్టండి. కొందరు ఎలక్ట్రీషియన్లు ఎర్త్ పిన్ను విరగ్గొట్టి మోత ఆపేస్తారు. ఎర్త్ లేని ఆంప్లిఫయర్‌లో లోపం వస్తే పట్టుకున్నవాళ్లకి షాక్ కొడుతుంది, ఆ పని ఎవర్నీ చెయ్యనివ్వకండి.

బొమ్మ పోయి రావడానికి బహుశా కేబుల్ పొడవే కారణం. మామూలు రాగి హెచ్‌డీఎంఐ 10 మీటర్లు దాటితే నమ్మలేం. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 720కి తగ్గించి చూడండి. బొమ్మ నిలకడగా నిలిస్తే తప్పు కేబుల్‌దే. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ (సిగ్నల్‌ని కాంతి రూపంలో పంపేది) కొనండి. దానికి దిశ ఉంటుంది: సోర్స్ అని రాసిన కొన ల్యాప్‌టాప్‌కి, డిస్‌ప్లే అని రాసినది ప్రొజెక్టర్‌కి. సీలింగ్ పైపులోకి లాగేముందే కింద పెట్టి పరీక్షించండి. తిరగేసి లాగితే మళ్లీ మొత్తం పీకాల్సిందే.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ దగ్గర స్కూల్లో టీచర్‌ని. పాత ప్రొజెక్టర్‌కి వీజీఏ ఒక్కటే ఉంది, కొత్త ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ.

జవాబు: హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ తీసుకోండి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి అని ఉన్నది దీనికి పనికిరాదు. వీజీఏలో సౌండ్ వెళ్లదు కాబట్టి స్పీకర్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. బొమ్మ రాకపోతే విండోస్, పి కీలు కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. సెట్‌టాప్ బాక్స్‌ని ఈ కన్వర్టర్‌తో కలిపితే కాపీ రక్షణ వల్ల తెర నల్లగా ఉండిపోవచ్చు, అది కన్వర్టర్ పాడైనట్టు కాదు.

ప్రశ్న: జడ్చర్ల నుంచి. ఫోన్‌కి టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్ పెట్టాను, ప్రొజెక్టర్‌లో ఏమీ రావట్లేదు.

జవాబు: ఫోన్ పోర్ట్‌లో డిస్‌ప్లేపోర్ట్ సదుపాయం (బొమ్మని వైరు ద్వారా బయటి తెరకి పంపే వీలు) ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉండదు, ఫోన్ స్పెసిఫికేషన్లలో చూసుకోండి. లేకపోతే ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐకి కాస్టింగ్ స్టిక్ (ఫోన్‌లోని బొమ్మని వైఫైలో అందుకుని తెరకి ఇచ్చే చిన్న పరికరం) పెట్టి, ఫోన్‌నీ దాన్నీ ఒకే వైఫైకి కలపండి. స్టిక్‌కి కరెంటు దానితో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. ప్రొజెక్టర్ యూఎస్‌బీ పోర్ట్ ఇచ్చే కరెంటు చాలకపోతే స్టిక్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది.